అంధగజన్యాయము : అడుగని ప్రశ్న

అంధగజన్యాయ మెఱుగని తెలుగు కుటుంబముండదు. పుట్టుగ్రుడ్లు కొందఱు ఏనుగును తడవి చూచిరనియు, కాలు తడవినవాడు ఏనుగు రోలువలె నున్నదనియు, చెవి తడవినవాడు చేటవలె నున్నదనియు, తొండము తడవినవాడు రోకలివలె నున్నదనియు వాదులాడుకొనిరనియు మన పెద్దలు చెప్పుచుందురు. కథ చెప్పువారందఱును అచటనే యాగి, సత్యము అఖండమనియు, మనుష్యబుద్ధి ఖండగ్రాహియనియు నీతి బోధింతురు. నీతి మంచిదే. కాని కథ అచట ముగియవలసినది కాదని నాకు చిరకాలముగా తోచుచున్నది. మఱునాడు ఆ గ్రుడ్లకు చూపు వచ్చెననుకొందము. ఒక ప్రక్క ఏనుగును, మఱియొక ప్రక్క ఒంటెను నిలిపి, ఎవరును మాటాడకుండ, ముట్టుకొననీయకుండ, "నిన్న మీరు తడవినది వీనిలో నేది?" అని యడిగినచో వారు చెప్పగలుగుదురా? చేయి యెఱిగినదానిని కన్ను గుర్తించునా?

ఇది పిల్లలను నవ్వించుటకైన ప్రశ్నవలె కనబడును. కాని మనస్సును గూర్చి తత్త్వశాస్త్రము చెప్పవలసినది యేది, ప్రయోగశాస్త్రము చెప్పవలసినది యేది యను వివాదమును తూచుటకు ఇంతకు మించిన త్రాసు దొరకదు. ఈ ప్రశ్నకు మూడువందల యేండ్లకు మించిన చరిత్ర గలదు. దానిపై ఒక ముఖ్యమైన ప్రయోగము మన దేశముననే, ఢిల్లీ నగరమున జరిగినది. అందుచేత ఈ వ్యాసమున ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పి, దానిపై వెలువడిన రెండు తీర్పులను విమర్శింపదలచితిని. "ప్రయోగము వచ్చినది, ఇక తత్త్వశాస్త్రముతో పనిలేదు" అనునది మొదటి తీర్పు. "ఇదంతయు మన శాస్త్రములలో నున్నదే, ఇక ప్రయోగముతో పనిలేదు" అనునది రెండవది. మొదటిది నేడు విద్యాధికులలో వినబడును. రెండవది మన సభలలో వినబడును. రెండును తొందరపాటు తీర్పులేయని నా యభిప్రాయము.

ప్రశ్న పుట్టిన చోటు ఐర్లండు. డబ్లిన్ నగరవాసియైన విలియం మోలిన్యూ 1688లో ఇంగ్లీషు తత్త్వవేత్తయైన జాన్ లాక్‌నకు ఒక లేఖ వ్రాసెను. పుట్టుకతో అంధుడైన యొకడు ఒకే లోహముతో, ఇంచుమించు ఒకే పరిమాణముతో చేసిన గోళమును, ఘనమును చేతితో తడవి యిది గోళము, ఇది ఘనము అని వేఱుపఱుప నేర్చెను. వానికి చూపు వచ్చినది. ఆ రెంటిని బల్లపై నుంచినచో, ముట్టుకొనకుండ, చూపుతో మాత్రమే ఏది గోళమో ఏది ఘనమో చెప్పగలుగునా? ఇది మోలిన్యూ ప్రశ్న. లాక్ అప్పుడు బదులు వ్రాయలేదు. స్నేహము కుదిరిన పిదప 1693లో మోలిన్యూ ఆ ప్రశ్నను మఱల పంపగా, లాక్ దానిని 1694లో వెలువడిన తన గ్రంథముయొక్క ద్వితీయముద్రణమున చేర్చి, చెప్పలేడనియే మోలిన్యూతో ఏకీభవించెను. మోలిన్యూ దృష్టిశాస్త్రముపై 1692లో గ్రంథము రచించిన పండితుడు. అతని భార్య వివాహమైన కొలదికాలమునకే చూపు కోల్పోయినది. ప్రశ్న అతనికి వట్టి బుద్ధివ్యాయామము మాత్రమే కాదని యూహించుటకు ఇది చాలును.

ఈ ప్రశ్నలోని పట్టు ఎచట నున్నదో గ్రహించుటకు, ప్రవాసాంధ్రులమైన మనకు దూరము పోనక్కఱలేదు. నేను కన్నడబడిలో చదివినవాడను. ఇంటిలో తెలుగు వినుచు మాటాడుచు పెరిగితినిగాని, పదునైదవ యేడు వచ్చువఱకు తెలుగక్షరమును చదివి యెఱుగను. ఒకనాడు మా తాతగారి పెట్టెలోని తెలుగు పుస్తకము చేత బడినది. చదువుట చేతకాలేదుగాని, పూర్తిగా క్రొత్తయు కాలేదు. తలకట్టు వేఱుగా నున్నను, ఈ యక్షరము మన 'క' వలె నున్నదే, ఇది 'ర' వలె నున్నదే యని పోల్చుకొనుచు, అరగంటలో ఒక వాక్యమును కూడబలుకుకొంటిని. ఆ వాక్యము నోట వెడలగానే అది మా నాయనమ్మ దినమును పలుకు మాటయేయని తెలిసి నివ్వెఱపోయితిని. అదే పుస్తకమును, హోసూరు ప్రాంతమున తమిళబడిలో చదువుకొన్న మా మేనమామ కొడుకు చేతికిచ్చితిని. వాడును నావలెనే తెలుగు మాటాడువాడే. కాని వానికి ఆ పుట పై నున్నవి వట్టి చుట్టలు, సున్నలు. ఎవరైన దగ్గఱ కూర్చుండి ఈ గీత ఈ ధ్వనికి గుర్తు అని యొక్కొక్కటిగ నేర్పిననే తప్ప, ఎంత బుద్ధిమంతుడైనను వాడు తనంతట తాను దానిని ఛేదింపజాలడు.

స్పర్శకును చూపునకును గల సంబంధము ఈ రెంటిలో నెట్టిది? కన్నడ తెలుగు లిపులవలె పోలికచే పట్టుకొనదగినదా? తమిళ తెలుగు లిపులవలె వేఱుగా నేర్వవలసినదా? ప్రశ్న యిదియే. ఐర్లండు దేశీయుడే యైన జార్జి బర్క్లీ 1709లో ప్రకటించిన దృష్టిసిద్ధాంతమున రెండవ పక్షమునే గ్రహించెను. చూచిన యాకారమునకును తాకిన యాకారమునకును పోలిక యేమియు లేదనియు, చూపు స్పర్శకు ఒక భాషవంటిదనియు, మాటకు అర్థము అలవాటుచే ఏర్పడునట్లే దృశ్యమునకు స్పృశ్యము అలవాటుచే నేర్పడుననియు అతని వాదము. జర్మనుడైన లైబ్నిట్జ్ మొదటి పక్షమువాడు. లాక్ గ్రంథమును విమర్శించుచు 1704 ప్రాంతమున అతడు వ్రాసిన గ్రంథము 1765లోగాని అచ్చుపడలేదు. తన యెదుట నున్నవి గోళఘనములే యని ముందుగా చెప్పినచో, అంధుడు ఆలోచించి చెప్పగలడని అతని మతము. గోళమునకు మూలలు లేవు, ఘనమునకు ఎనిమిది మూలలు గలవు. ఆ లెక్క చేతికిని కంటికిని ఒక్కటియే గదా యని అతని హేతువు. లాక్, బర్క్లీ, లైబ్నిట్జ్ ముగ్గురును మహామేధావులు. కాని ముగ్గురిలో ఒక్కరును చూపు వచ్చిన పుట్టుగ్రుడ్డి నొక్కనినైన ఎదుట కూర్చుండబెట్టుకొని యడిగి చూచి చెప్పినవారు కారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలయును.

అట్లు చూచిన మొదటి ప్రసిద్ధసాక్షి విలియం చెజల్డెన్ అను లండను శస్త్రవైద్యుడు. పదుమూడు పదునాలుగేండ్ల బాలునికి కంటి పొరలు తొలగించి, అతని యనుభవమును 1728లో ప్రకటించెను. మొదట ఆ బాలునికి కనబడినవన్నియు తన కన్నులను తాకుచున్నట్లే తోచినవట. దూరము తెలియలేదు, ఆకారము తెలియలేదు. పిల్లి యేదో కుక్క యేదో మఱచిపోవుచు, మాటిమాటికి అడుగుటకు సిగ్గుపడి, ఒకనాడు పిల్లిని పట్టుకొని చేతితో తడవి, కన్నార చూచి, ఇక నిన్ను గుర్తుంచుకొందునని దానితో ననెనట. ఎంత ముద్దైన సన్నివేశము! బర్క్లీ పక్షమువారు దీనిని తమ జయపత్రముగా గ్రహించిరి. కాని ప్రయోగమునకు తత్త్వవేత్త చేయదగిన సేవ యేమో చూపినవాడు ఫ్రెంచి రచయిత దిదెరో. అంధులను గూర్చి 1749లో అతడు వ్రాసిన లేఖలో ముఖ్యమైన యాక్షేపము లున్నవి. కోసిన కన్ను కుదురుకొనుటకు కాలమీయకయే ప్రశ్నించుట న్యాయమా? చూపుటకే శక్తి చాలని కంటిని గుర్తుపట్టుమనుట యెట్లు? అడుగబడువాడు ప్రశ్నను సరిగా గ్రహించి సమాధానము చెప్పగలిగినవాడుగా నుండవలదా? బాలుడు చెప్పలేకపోయెననుట నిజమే. ఏల చెప్పలేకపోయెననునది తేలలేదు. కన్ను చూడకపోవుట వేఱు, మనస్సు పోల్చకపోవుట వేఱు. ఈ భేదమును పట్టుకొన్నది శస్త్రము గాదు, విచారము.

తరువాతి శతాబ్దులలో మనస్తత్త్వశాస్త్రము తత్త్వశాస్త్రపు ఇల్లు విడిచి వేఱుకాపురము పెట్టినది. వుంట్ పండితుడు 1879లో లైప్సిగ్ నగరమున ప్రయోగశాల నెలకొల్పెను. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయము 1916లో ప్రత్యేకశాఖను ప్రారంభించినది. అంతకు పూర్వము ఈ రెండు శాస్త్రములు ఒక్క యధ్యాపకుని చేతిలోనే యుండెడివి. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున, తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు తత్త్వశాస్త్రాచార్యుడుగా లోకమున కెఱుక. అతడు 1912లో ప్రకటించిన తొలినాటి గ్రంథములలో ఒకటి మనస్తత్త్వశాస్త్రముపై నైనదని మనలో ఎంతమంది కెఱుక? ఆ కాలమున అది వింత కాదు. వేఱుపడుటవలన ప్రయోగశాస్త్రమునకు స్వాతంత్ర్యము వచ్చినది, కొలత వచ్చినది. ఐనను, ఏమి కొలుచుచున్నామో తఱచి యడుగు పొరుగువాడు దూరమైపోయెను.

ఇక ఢిల్లీ ప్రయోగమునకు వత్తము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన పవన్ సిన్హా ఈ శతాబ్దపు తొలి దశకమున 'ప్రకాశ్' అను పథకమును ప్రారంభించెను. పుట్టుకతోనే కంటిలో పొర యేర్పడియు, శస్త్రచికిత్సచే పోదగినదై యుండియు, పేదఱికముచేతను దూరముచేతను చికిత్సకు నోచుకొనని బాలబాలికలు మన దేశమున ఉన్నారు. వారిని వెదకి, చూపు తెప్పించి, ఆ చూపు ఎట్లు వికసించునో పరిశీలించుట ఆ పథకముయొక్క ద్వివిధోద్దేశము. ఇందు సేవయు శాస్త్రమును ఒకే దారిని నడచినవి.

ఆ పథకమునకు అడ్డు వచ్చినది పేదఱికము మాత్రమే కాదు, ఒక సిద్ధాంతము గూడ. హ్యూబెల్, వీసెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1960 దశాబ్దమున పిల్లికూనలపై ప్రయోగములు చేసి, శైశవమున కొంతకాలము కన్ను మూయబడినచో తరువాత తెఱచినను మెదడు ఆ కంటిని సరిగా వినియోగించుకొనజాలదని చూపిరి. వారి పరిశోధనకు 1981లో నోబెల్ బహుమానము లభించినది. ఆ ప్రయోగములు సత్యములే. కాని వానినుండి, వయసు మీఱిన అంధబాలునికి శస్త్రచికిత్స చేసినను ఫలము లేదను నిరాశ చాలమందిలో స్థిరపడినది. ఇది ప్రయోగము చెప్పిన మాట కాదు, ప్రయోగమునుండి మనుష్యులు లాగిన మాట. ఒక కన్ను మూసిన పిల్లికూననుండి రెండు కన్నులును మసకబాఱిన మనుష్యబాలుని వఱకు దూరమెంతయో తూచకయే లాగిన మాట. సిన్హా బృందము 2006లో ప్రకటించిన యొక పరిశీలనమున, పండ్రెండవ యేట చికిత్స పొందిన యొక భారతస్త్రీని ఇరువది యేండ్ల తరువాత పరీక్షింపగా, ఆమె దృష్టి నిశితము కాకపోయినను, వస్తువులను ముఖములను గుర్తించుటలో ఆమె సామర్థ్యము చెప్పుకోదగినదిగా నుండెను. కాలము మించినదని ఆ బాలికను త్రిప్పిపంపియుండినచో ఏమగునో యూహింపుడు. మనస్సును గూర్చిన సిద్ధాంతము పండితుల గోష్ఠిలో పొరపాటుపడిన, దాని వ్యయము పిల్లలు చెల్లింతురు.

ఈ బృందమే మోలిన్యూ ప్రశ్నను కూడ చేపట్టినది. రిచర్డ్ హెల్డ్, పవన్ సిన్హా మొదలగువారు 2011లో ఫలితమును ప్రకటించిరి. ఎనిమిదేండ్లు మొదలు పదునేడేండ్ల వఱకు వయసుగల అయిదుగురు పిల్లలు. శస్త్రచికిత్సయైన నలువదియెనిమిది గంటలలోపల పరీక్ష. పిల్లల కట్టడపు ఆటముక్కలను బోలిన యాకారములు ఇరువది జతలు. వారి క్రొత్తచూపునకు చిన్నవి కానరావను భయముచే, అవి తగినంత పెద్దవిగా నుండునట్లు జాగ్రత్తపడిరి. మొదట ఒక వస్తువును చూపియో తడవనిచ్చియో, తరువాత రెండింటి నుంచి, మొదటిది వీనిలో నేదని యడిగిరి. తడవినదానిని మఱల తడవి గుర్తించుటలో నూటికి 98 పాళ్లు సరిపోయినవి. చూచినదానిని మఱల చూచి గుర్తించుటలో 92 పాళ్లు. తడవినదానిని చూచి గుర్తించుటలో 58 పాళ్లు మాత్రమే. రెంటిలో ఒకటి యెంచుకొనుటలో కన్నులు మూసుకొని చెప్పినను 50 వచ్చును గనుక, ఈ 58 ఊహకు మించినది కాదు. ఐతే విశేషమేమన, మఱల పరీక్షింపగలిగిన ముగ్గురు పిల్లలు బాగుగా మెఱుగుపడిరి. వారిలో కొందఱికి ఆ మెఱుగు కొలదిదినములలోనే వచ్చినది.

ఇది సామాన్యమైన సాధన కాదు. దిదెరో యాక్షేపించినట్లు కన్ను చూచుచున్నదా లేదా యను సందేహమునకు 92 అను సంఖ్యయే సమాధానము చెప్పుచున్నది. చెజల్డెన్ కథకును దీనికిని భేదమదియే. ఒకటి ముచ్చట, రెండవది పరీక్ష. మోలిన్యూ, లాక్, బర్క్లీల పక్షమే గెలిచినదని చాలమంది ప్రకటించిరి. ప్రశ్న ముగిసినదనిరి. ఇచటనే మొదటి తీర్పును నిలిపి యడుగవలసియున్నది.

మోలిన్యూ అడిగినదేమి? చూపుచే గ్రహింపబడిన ఆకారము స్పర్శచే గ్రహింపబడిన ఆకారముగా గుర్తింపబడునా యని. ప్రయోగమున పరీక్షింపబడినదేమి? చూపుచే ఒక వస్తువును మఱియొక వస్తువునుండి వేఱుపఱుచుట, తడవినదానితో జతపఱుచుట. ఈ రెంటికి నడుమ సందు గలదు. రెండు వస్తువులను చూచి వేఱుపఱుపవలెనన్న, వాని నిడివి వెడల్పు లోతులతో గూడిన పూర్ణాకారమును గ్రహింపనక్కఱలేదు. అంచున నొక వంపు, మధ్యనొక నీడ, ఒక మచ్చ గుర్తున్నను చాలును. నేను అక్షరము నెఱుగకయే రెండు తమిళ పత్రములు ఒకటేనా వేఱా యని చూచి చెప్పగలను. అంతమాత్రమున తమిళము చదివితినని యెవరనును? అట్లే ఆ పిల్లల కన్నులు 92 పాళ్లు సరిగా వేఱుపఱిచినను, అవి ఘనాకారమును ఘనాకారముగా చూచినవని రుజువు కాదు. చూడనే చూడని ఆకారమును తడవిన ఆకారముతో పోల్చలేదనుట వింత కాదుగదా. జాన్ ష్వెంక్లర్ అను తత్త్వశాస్త్ర పండితుడు 2012లో ఈ యాక్షేపమునే చేసి, దానితో నూరకుండక, పిల్లలను వస్తువుచుట్టు కదలుచు చూడనిండనియు, లేక లోతుతో పనిలేని చదునైన ఉబ్బెత్తు గీతలతో పరీక్షింపుడనియు మార్గము చూపెను. విమర్శ యనిన నట్లుండవలెను. కాదనుట సులభము. ఏమి చేసిన అవునో చెప్పుటయే కష్టము.

మఱియొక చిక్కు గలదు. కొలదిదినములలో నేర్చిరనుటకు అర్థమేమి? తమిళలిపివలె ఒక్కొక్కటియు వేఱువేఱుగ నేర్వవలసినదైనచో అంత త్వరగా సాధ్యమగునా? కన్నడ తెలుగు లిపులవలె, కన్ను కుదురుకొనగానే పోలిక తానే బయటపడినదా? కొలదిదినములు అను నీ మాటను బర్క్లీ పక్షమువారు అలవాటనియు, లైబ్నిట్జ్ పక్షమువారు మేలుకొలుపనియు చదువుకొనవచ్చును. సంఖ్య యొక్కటే, పఠనములు రెండు. పైగా వేఱు సాక్ష్యములును గలవు. మెల్ట్‌జాఫ్, బోర్టన్ అనువారు 1979లో ఇంచుమించు నెలదినముల శిశువుల నోట నున్ననిదో బుడిపెలుగలదో యైన చనుపీకను చూపింపకయే పెట్టి, తరువాత రెంటిని చూపగా, శిశువులు నోటికి పరిచితమైనదానినే ఎక్కువసేపు చూచిరని ప్రకటించిరి. తరువాత కొందఱు చేసి చూడగా అదే ఫలితము రాలేదు. 2024లో వెర్సాచే బృందము చీకటిలో పొదిగించి, చీకటిలోనే నునుపైన లేక బుడిపెలుగల వస్తువులతో పెంచిన కోడిపిల్లలను వెలుతురులోనికి తెచ్చి చూడగా, తాము తాకి యెఱిగినదాని వంకయే అవి మొగ్గినవని తేల్చినది. నునుపుతనము వేఱు, గోళఘనాకారములు వేఱు. కోడిపిల్ల వేఱు, పది యేండ్లు చీకటిలో పెరిగిన బాలుడు వేఱు. అందుచేత ఇదియు కడపటి మాట కాదు. కాని ప్రశ్న ముగిసినదన్నవారికి ఇది చాలును. ప్రయోగము ప్రశ్నను చంపలేదు. ఒక ప్రశ్నను మూడుగా చీల్చినది. కన్ను ఆకారమును ఎప్పుడు గ్రహించును? గ్రహించిన ఆకారమును స్పర్శతో ఎట్లు కలుపుకొనును? ఆ కలయిక జన్మసిద్ధమా, అభ్యాససిద్ధమా? ఈ చీలిక యింతకుముందు ఎవరికిని ఇంత స్పష్టముగా కానరాలేదు. ప్రయోగము తత్త్వశాస్త్రమునకు చేసిన మహోపకార మిదియే.

ఇక రెండవ తీర్పు. మన న్యాయశాస్త్రమున ఈ విషయ మున్నదనుట అసత్యము కాదు. గౌతముని న్యాయసూత్రములలో మూడవ యధ్యాయము ఆత్మవిచారముతో నారంభమగును. చూపుచేతను స్పర్శచేతను ఒకే వస్తువు గ్రహింపబడుచున్నది గనుక, ఆ రెంటికిని అతీతుడైన జ్ఞాత యొకడు గలడని అచట మొదటి హేతువు. నేను చూచినదానినే తాకుచున్నాను అను ప్రతిసంధానము కంటికి సాధ్యము కాదు, చర్మమునకును సాధ్యము కాదు. కన్ను తాకదు, చర్మము చూడదు గదా. మఱియు, ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున రూపమునకు లక్షణము చెప్పుచు, కంటిచేత 'మాత్రమే' గ్రహింపబడు గుణమనెను. ఆ 'మాత్ర' పదమెందులకని దీపికలో విచారించి, సంఖ్యాదులు కంటికిని చేతికిని రెంటికిని గోచరములు గనుక వానిని తప్పించుటకని చెప్పెను. సంఖ్య, పరిమాణము, సంయోగము మొదలైనవి ద్వీంద్రియగ్రాహ్యములని నైయాయికుల సిద్ధాంతము. అవయవముల కూడికయే ఆకారమనుకొన్నచో, ఆకారము గూడ ఆ కోవలోనికే వచ్చును. బాలపాఠ్యమైన చిన్నపుస్తకములో ఒక్క పదమునకై ఇంతటి జాగ్రత్త! మూలల లెక్క కంటికిని చేతికిని ఒక్కటియే యన్న లైబ్నిట్జ్ వాదము మన తర్కవిద్యార్థికి క్రొత్త కాదు. ఇది మనము గర్వింపదగిన విషయమే.

కాని గర్వమునకు హద్దు తెలియవలెను. వస్తువు రెండింద్రియములకును గోచరమనుట యొకటి. ఒక ఇంద్రియముచే ఎఱిగినవాడు రెండవ ఇంద్రియము క్రొత్తగా లభించిన తొలిక్షణముననే దానిని గుర్తించుననుట మఱియొకటి. గుర్తించుటకు సంస్కారము కావలయునని న్యాయమతము. ఆ సంస్కారము చేతినుండి వచ్చినది కంటి యెదుట మేలుకొనునా? నేను చదివినంతలో సూత్రభాష్యములు ఈ ప్రశ్నను ఇట్లు అడుగలేదు. వారి గమ్యము ఆత్మసిద్ధి, అంధుని తొలిచూపు కాదు. నేను చూచినదానినే తాకుచున్నాను అను వాక్యమును చెప్పువాడు ఏండ్లతరబడి చూచుచు తాకుచు నున్నవాడే. వాని యనుభవము ఆరంభమున నెట్లుండెనో వాని వాక్యము చెప్పదు. అడుగని ప్రశ్నకు సమాధానము మా పెద్దలు చెప్పిరనుట పెద్దలకు గౌరవము కాదు. వారు ఒక పదమునకై పడిన శ్రమను మన్నించువాడు, వారి మాటకు లేని యర్థమును తగిలింపడు.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ప్రయోగమే చాలునన్నవాడు 58 అను సంఖ్యను చూచి, అది దేనికి సంఖ్యయో అడుగుట మానినాడు. శాస్త్రమే చాలునన్నవాడు సూత్రమును చూచి, అది దేనికి సమాధానమో అడుగుట మానినాడు. దోషము ఒక్కటియే. మనస్సును గూర్చిన విచారమున తత్త్వవేత్తకు రెండు పనులు గలవు. ప్రయోగమునకు ముందు ప్రశ్నను పదునుపెట్టుట, ప్రయోగమునకు పిదప సమాధానము ఏ ప్రశ్నకు వచ్చినదో తూచుట. నడుమనున్న పని, అనగా నిజముగా ఏమి జరుగునో చూచుట, అతనిది కాదు. లాక్ తన కుర్చీలో కూర్చుండి "చెప్పలేడు" అనెను. ఫలితము అతని మాటకు దగ్గఱగానే వచ్చినది. ఐనను అతడు ఎఱిగి చెప్పలేదు. ఊహ ఫలించుట జ్ఞానము కాదు. అట్లే ప్రయోగశాస్త్రజ్ఞుడు కొలిచి చెప్పును. తాను కొలిచినదానికి పేరు పెట్టుటలో మాత్రము అతడు తనకు తెలియకయే తత్త్వవేత్త యగుచున్నాడు. తెలిసి అయినచో బాగుగా అగును.

ఈ సంచికను చదువువారిలో చాలమంది ఇండ్లలో చెవి తెలుగెఱిగి కన్ను తెలుగెఱుగని పిల్లలున్నారు. మా పిల్లకు పదునాలుగేండ్లు వచ్చినవి, ఇక తెలుగు చదువ నేర్చు వయసు దాటినదని తల్లిదండ్రులు నిట్టూర్చుట నేను పలుమాఱులు విన్నాను. లిపి వేఱు, చూపు వేఱు. ఢిల్లీ పిల్లల ఫలితమును తెచ్చి మన పిల్లలకు అంటగట్టినచో, పిల్లికూనల ఫలితమును అంధబాలురకు అంటగట్టినవారి తప్పే నేనును చేసినవాడ నగుదును. కాని యొక్క మాట చెప్పవచ్చును. వయసు దాటినదనునది సిద్ధాంతమా, నిట్టూర్పా? అడిగి చూచితిరా? నా మేనమామ కొడుకును పదునేడవ యేట కూర్చుండబెట్టుకొని నేర్పినవారు వేఱెవరును కారు, తెలుగుపేటలోని యొక దర్జీ. వేసవి నెలలు రెండు పట్టినది. ఇది శాస్త్రము కాదు, ఒక్కని ముచ్చట. ఐనను వాడు నేడు తన తల్లికి ఉత్తరము తెలుగులో వ్రాయుచున్నాడు.

అంధగజన్యాయమును ఇకమీద పిల్లలకు చెప్పునప్పుడు, ఏనుగు దగ్గఱ కథను ఆపవలదు. వారికి చూపు వచ్చినదని చెప్పుడు. ఏనుగును గుర్తించిరా లేదా యని పిల్లలనే యడుగుడు. అవునన్నవానిని ఏల యని యడుగుడు. కాదన్నవానిని ఎట్లు తెలిసికొందువని యడుగుడు. మొదటి ప్రశ్న తత్త్వశాస్త్రము, రెండవది ప్రయోగశాస్త్రము. రెండును అడుగనేర్చిన పిల్లవానికి ఇక నీతి వేఱుగా చెప్పనక్కఱలేదు.